పైకి వచ్చిందెవరు? జౌళి కమిషనర్ గారికి భివండి నుంచి బహిరంగ లేఖ

భివండి, పద్మానగర్

గౌరవనీయులైన జౌళి కమిషనర్ గారికి,

ముంబయిలోని మీ కార్యాలయం నుంచి మా ఊరు ఒక పూట ప్రయాణం కూడా కాదు. అయినా మీ కాగితాలు మా దాకా వచ్చేసరికి చాలా చేతులు మారతాయి, చాలా భాషలు దాటుతాయి. ఇంగ్లిషులో రాసింది హిందీలోకి, మరాఠీలోకి దిగుతుంది. అన్సారీ నేతగాళ్ల మొహల్లాల్లో దాన్ని ఉర్దూలో చెప్పుకుంటారు. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో మేం తెలుగులో చెప్పుకుంటాం. ఇన్ని దాటినా చెక్కుచెదరకుండా నిలిచే మాట ఒకటుంది. అప్‌గ్రేడేషన్. నేను సాంచెల (మరమగ్గాల) కార్ఖానాల్లో లెక్కలు రాసే గుమాస్తాను. మీ పథకాలకు దరఖాస్తులు నింపిపెట్టడం కూడా నా పనిలో భాగమే కాబట్టి, ఆ మాటను రాసీ రాసీ చెయ్యి అరిగింది. దాన్ని ఎక్కడ రాస్తే నిజమవుతుందో, ఎక్కడ రాస్తే అబద్ధమవుతుందో మీతో చెప్పుకుందామని ఈ ఉత్తరం.

తెలుగులో రాయడానికి ఒక కారణముంది. మీ ప్రకటనలను అనువదించి అచ్చువేసే మా పత్రికలవాళ్లూ, హైదరాబాదులో కూర్చుని ఇలాంటి పథకాలే రాసే అధికారులూ ఇది విన్నా మంచిదే. తప్పు మీ ఒక్కరిదే కాదు మరి.

2017 ఏప్రిల్ 1న అప్పటి జౌళి మంత్రి స్మృతి ఇరానీ గారు పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని ఇక్కడే, భివండిలోనే ప్రారంభించారు. మూడేళ్లకు 487 కోట్ల రూపాయలు అన్నారు. నూలు బ్యాంకులు, ఉమ్మడి షెడ్లు, సౌర విద్యుత్తు, రుణాలు ఇలా అందులో చాలా అంశాలుండేవి. మా చిన్న కార్ఖానాలకు అన్నిటికంటే ముందు అవసరమైంది మాత్రం ‘ఇన్‌సిటు అప్‌గ్రేడేషన్’. అంటే సాంచె ఉన్నచోటనే ఉంటుంది, దాని మెట్టు పెరుగుతుంది. పాతదాన్ని పీకేసి కొత్తది కొనే తాహతు లేనివాడు ఉన్నదానికే కొన్ని సామాన్లు బిగించుకుంటే ఖర్చులో సగం ప్రభుత్వం ఇచ్చేది. ఎస్సీలకైతే 75 శాతం, ఎస్టీలకైతే 90 శాతం. ఎనిమిది సాంచెల వరకు ఉన్న చిన్నవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. నిజం చెప్పాలంటే, ఢిల్లీలో పుట్టిన ఆలోచనల్లో ఇంతగా మా సాంచెను చూసి రాసినట్టున్నది మరొకటి నాకు కనబడలేదు.

సాదా సాంచె సంగతి మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం కొంచెం చెబుతాను. పడుగు బీము వెనక ఉంటుంది. పోగులు బిగువుగా ఉండాలని బీముకు గొలుసులు చుట్టి బరువులు వేలాడదీస్తారు. బీము సన్నబడే కొద్దీ ఆ బరువులు సర్దుతూ ఉండాలి. మరిచిపోతే బట్ట ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా వస్తుంది. పేక నూలు మోసే నాడె నిమిషానికి 120 నుంచి 150 సార్లు పడుగు మధ్యగా దూసుకుపోతుంది. కండెలో పేక నూలు అయిపోతే మనిషే సాంచె ఆపి కండె మార్చాలి. పడుగులో ఒక పోగు తెగిందనుకోండి. సాంచెకు అది తెలియదు, నేస్తూనే పోతుంది. మనిషి చూసి ఆపేలోపు బట్టలో గీత పడుతుంది. ఆ గీతకు యజమాని సేఠ్ కూలిలో కోత పెడతాడు. అందుకే సాంచె మనిషికి కాళ్లకంటే ముందు కళ్లు అలిసిపోతాయి. చెవుల సంగతి ఇక అడక్కండి. కార్ఖానాలో మాట్లాడుకునేవాళ్లు పెదవులు చూసి మాట అందుకుంటారు.

మీ పథకంలోని సామాన్లు సరిగ్గా ఈ బాధలకే మందు. పడుగు ఆపుడు సామాను బిగిస్తే ప్రతి పోగుకూ ఒక సన్నని రేకు వేలాడుతుంది. పోగు తెగిన క్షణంలో రేకు పడిపోయి సాంచె ఆగుతుంది. పేక తెగినా ఆగేలా ఇంకొకటి. గొలుసులు, బరువుల బదులు పడుగును లెక్క ప్రకారం వదిలే సామాను. గట్టి బ్రేకు. నూనె పోయనక్కర్లేని నైలాను ముక్కలు. ఇంకొంచెం పెట్టుబడి పెట్టగలిగితే నాడెనే తీసేసి, పేకను కడ్డీతో అందించే రేపియర్ కిట్ పెట్టుకోవచ్చు. ఇవి బిగించిన సాంచె మీద బట్ట బాగా వస్తుంది. గీతలు తగ్గుతాయి. ఊళ్లోనే ఉన్న, జౌళి పరిశోధన సంస్థ సస్మీరావారి పవర్‌లూమ్ సర్వీస్ సెంటర్‌లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. కాబట్టి ‘సాంచె అప్‌గ్రేడ్ అయింది’ అన్న వాక్యంలో తప్పు వెతకడానికి ఏమీ లేదు. సాదా సాంచె నుంచి సెమీ ఆటోమేటిక్ సాంచెకు. ఏ వస్తువు, ఏ మెట్టు నుంచి, ఏ మెట్టుకు అన్నది అంతా అందులో ఉంది. ఇంజనీరు రాసిన వాక్యం అలాగే ఉంటుంది.

చిక్కు ఆ తర్వాతి పేరాలో మొదలవుతుంది. కాగితం సాంచెను వదిలి మనుషుల దగ్గరకు వచ్చేసరికి అదే మాట అలాగే ఉంటుంది కాని, చుట్టూ ఉన్నవన్నీ జారిపోతాయి. నేతగాళ్ల అభ్యున్నతి అంటారు. రంగం ఉన్నతీకరణ అంటారు. తెలుగు పత్రికల్లో అయితే ‘మరమగ్గాల కార్మికుల జీవితాల్లో వెలుగులు’ అని తప్పకుండా ఒక శీర్షిక వస్తుంది. ఎవరు? ఎక్కడి నుంచి? ఎక్కడికి? మా తెలుగులో పైకి రావడం వేరు, పైకి పోవడం వేరు. రెండింటిలోనూ దిక్కు ఒకటే అయినా, మొదటిది విని సంతోషిస్తాం, రెండోది విని తలస్నానం చేస్తాం. దిక్కు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఎంత ప్రమాదమో మా ముసలమ్మలకు కూడా తెలుసు.

ముందు ‘వీవర్’ అనే మాట తీసుకోండి. మీ పథకంలో లబ్ధిదారు వీవర్. దరఖాస్తులో నేను రాసేది సాంచెల యజమాని పేరు, అతని కరెంటు కనెక్షను నంబరు, అతని బ్యాంకు ఖాతా. ఆ సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడి నేసేవాడి పేరు రాయడానికి అందులో గడే లేదు. అతన్ని మేం కారిగార్ అంటాం. అతను బీహారువాడు కావచ్చు, ఉత్తరప్రదేశ్‌వాడు కావచ్చు, ఒడిశావాడు కావచ్చు, సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి వచ్చిన మా పద్మశాలి కావచ్చు. ఒక కాగితంలో ‘వీవర్ల ఆదాయం పెరుగుతుంది’ అని ఉంటే ఢిల్లీలో చదివేవాడికి ఈ కారిగారే కళ్లముందు మెదులుతాడు. డబ్బు వెళ్లేది సాంచెల యజమాని ఖాతాలోకి. ఇందులో మోసం ఉందని నేననను. ఎనిమిది సాంచెల యజమాని కూడా ఎండిన చెరువే ఇక్కడ. కానీ ఒకే మాట కింద ఇద్దరిని నిలబెట్టి, ఒకరిని చూపి ఇంకొకరి గురించి చెప్పడం రాతలో తప్పే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రేట్లు నేను లెక్క కోసం వేసుకున్నవి. ఊళ్లో అవి బట్టను బట్టి, సీజనును బట్టి మారుతూ ఉంటాయి.

నిమిషానికి 130 పేకలు వేసే సాదా సాంచె పన్నెండు గంటల పాళీలో ఆగకుండా నడిస్తే 93,600 పేకలు వేస్తుంది. కండెలు మార్చడానికీ, పోగులు కట్టడానికీ పావువంతు పోయినా 70,200 మిగులుతాయి. అంగుళానికి 50 పేకల బట్ట అయితే మీటరుకు దాదాపు 1,970 పేకలు. అంటే సాంచెకు పాళీకి 35 మీటర్లు. నాలుగు సాంచెలు చూసుకునే కారిగార్ 140 మీటర్లు నేస్తాడు. మీటరుకు 3 రూపాయలు కూలి అనుకుంటే 420 రూపాయలు.

ఆపుడు సామాన్లు బిగించాక తెగిన పోగును కనిపెట్టే పని సాంచెదే అయింది. కారిగార్ కళ్లకు కొంత తీరిక దొరికింది. ఆ తీరికను అతనికి ఎవరూ ఉంచరు. ఇంకో నాలుగు సాంచెలు ఇస్తారు. ఎనిమిది సాంచెలు, 280 మీటర్లు. పాత రేటే ఉంటే 840 రూపాయలు రావాలి. సాంచెలు పెరిగితే రేటు తగ్గడం ఈ ఊరి ఆనవాయితీ. మీటరుకు రూపాయి 80 పైసలు చేశారనుకోండి. 504 రూపాయలు. కారిగార్‌కు 84 రూపాయలు ఎక్కువ వచ్చాయి. అతను నడిచే దూరం రెట్టింపయింది. పక్కన నాలుగు సాంచెలు చూసుకునే రెండోవాడు ఇంటికి పోయాడు. అదే 280 మీటర్లకు ముందు ఇద్దరికీ కలిపి 840 ఇచ్చిన యజమాని ఇప్పుడు 504 ఇస్తున్నాడు. మిగిలిన 336 రూపాయల్లో ఎంత అతని దగ్గర ఉంటుంది? సామాన్లకు తన వాటాగా పెట్టిన సగం డబ్బు తిరిగి రావాలి. ఆపైన, నూలిచ్చి బట్ట తీసుకుపోయే వ్యాపారి ఊరుకుంటాడా? ‘నీ ఖర్చు తగ్గిందిగా’ అని జాబ్‌వర్క్ రేటు దించమంటాడు. ఇక్కడి చిన్న యజమానుల్లో సొంత నూలుతో నేసేవాళ్లు తక్కువ. వ్యాపారి నూలుకు కూలి నేసేవాళ్లే ఎక్కువ. అంటే యజమాని కూడా ఇంకో లెక్కలో కారిగారే.

ఈ లెక్క మొత్తంలో అప్‌గ్రేడ్ అయినవాళ్ల జాబితా వేయండి. సాంచె అయింది, సందేహం లేదు. బట్ట అయింది. వ్యాపారికి అదే రేటుకో, అంతకంటే తక్కువకో మంచి బట్ట దొరికింది. యజమాని సగం మెట్టు ఎక్కాడో లేదో మూడు నెలలు ఆగి చూడాలి. ఒక కారిగార్ 84 రూపాయలు ఎక్కాడు. ఇంకొకడు దిగిపోయాడు. ఇంత జరిగితే కాగితంలో ‘పవర్‌లూమ్ రంగం అప్‌గ్రేడ్ అయింది’ అని ఒక్క ముక్క. రంగం అనేది ఒక మనిషి కాదు కదండీ, మొత్తంగా ఎక్కడానికి.

ఈ ఊరి చరిత్ర అంతా ఎక్కడం, దిగడం ఒకేసారి జరిగిన కథే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపారు. మిల్లుల తలుపులు మూతపడ్డాక కూడా మిల్లు ముద్రతో బట్ట బజారుకు వచ్చింది. నేసింది భివండిలో. ఆ ఏళ్లలో భివండి సాంచెల సంఖ్య ఎంత వేగంగా పెరిగిందో ఇక్కడ పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పత్రికల భాషలో అది భివండి ఎదుగుదల. అదే సమయంలో ఎనిమిది గంటల పాళీ, ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ, యూనియన్ ఉన్న మిల్లు కార్మికుడు వీటిలో ఒక్కటీ లేని కార్ఖానాలోకి వచ్చి, పన్నెండు గంటలు నిలబడి, మీటరు లెక్కన కూలి తీసుకున్నాడు. చాలా సాంచెలు కూడా మిల్లులు వదిలించుకున్న పాతవే. ఊరు ఎక్కింది. మనిషి దిగాడు. పాత ఇనుము చేతులు మారింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లను గీతగా పెట్టింది. ఆ గీత కింద ఉండేలా ఒకే షెడ్డును నలుగురి పేర్ల మీద నాలుగు యూనిట్లుగా చూపించడం ఇక్కడ ఏళ్ల తరబడి బహిరంగ రహస్యంగా సాగింది. ఎదగకుండా ఉంటేనే లాభం ఉన్నచోట ఎదుగుదల అనే మాట ఎలా నిలబడుతుంది?

పైమెట్టు, కిందిమెట్టు గురించి పండితులు కూడా రాశారు. పితిరిమ్ సొరోకిన్ అనే రష్యన్‌ను 1922లో సోవియట్ ప్రభుత్వం దేశం నుంచి పంపించేసింది. అమెరికా చేరి పాఠాలు చెప్పుకుంటూ 1927లో ‘సోషల్ మొబిలిటీ’ అనే పుస్తకం రాశాడు. ఇవాళ మన వక్తలు అలవోకగా వాడే ‘అప్‌వర్డ్ మొబిలిటీ’ లాంటి మాటల వెనక ఉన్న పెద్ద పుస్తకాల్లో అది ముఖ్యమైనది. ఆయన కదలికను రెండు రకాలుగా విడదీశాడు. నిలువుగా కదలడం ఒకటి, అడ్డంగా కదలడం ఒకటి. నిలువు కదలికలో ఎక్కడమూ ఉంది, దిగడమూ ఉంది. అడ్డంగా కదలడం అంటే చోటు మారుతుంది, పని మారుతుంది, మెట్టు మారదు. ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకో చెప్పకుండా ఫలానావాడు కదిలాడని రాస్తే ఆయన లెక్కలో అది ఏమీ రాయనట్టే.

మా తెలంగాణ పల్లెల్లో బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని ఒక మాట ఉంది. పొట్ట చేత పట్టుకుని పోయే మూడు దారులు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు చేమగ్గం మీద బతకలేక షోలాపూర్, బొంబాయి, సూరత్, భివండి దారి పట్టారు. ఊళ్లో గుంత మగ్గం మీద కూర్చుని నేసినవాడు ఇక్కడ కరెంటు సాంచె ముందు నిలబడ్డాడు. డబ్బు కాస్త ఎక్కువ చూశాడు, పిల్లలను చదివించాడు. కొందరు సాంచెలు కొన్నారు, వార్పింగ్ పెట్టారు, షెడ్లు కట్టారు. వాళ్లు ఎక్కారనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. ఎక్కువమంది మాత్రం సొరోకిన్ చెప్పినట్టు అడ్డంగానే కదిలారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు సాంచె ముట్టడం లేదు. ముంబయి-నాసిక్ రోడ్డు పొడవునా మాన్‌కోలి, పూర్ణా వైపు లేచిన పెద్ద పెద్ద గోదాముల్లోకి పోతున్నారు. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన సరుకును అరల్లోంచి ఏరి పెట్టెలో వేసే ఉద్యోగం. యూనిఫారం ఉంది, చేతిలో స్కానర్ ఉంది, చల్లని దీపాలున్నాయి. పేకను ఇంగ్లిషులో పిక్ అంటారు. తండ్రి సాంచె మీద వేసింది పిక్‌లు, కొడుకు ఉద్యోగం పేరే పికర్. ఇది ఎక్కడమా, అడ్డంగా జరగడమా అంటే నా దగ్గర ఒకే జవాబు లేదు. కాంట్రాక్టరు చీటీ చూడాలి, ప్రావిడెంట్ ఫండ్ పడుతోందా చూడాలి, మూడేళ్ల తర్వాత వాడు ఏం చేస్తున్నాడో చూడాలి. చూసిన తర్వాతే రాయాలి.

మళ్లీ మీ కాగితాలకు వస్తే, మీ కార్యాలయమే నడిపిన పెద్ద పథకం ఒకటుంది. పేరులోనే ఆ మాట ఉన్న టెక్నాలజీ అప్‌గ్రేడేషన్ ఫండ్. 1999 ఏప్రిల్ 1న మొదలైంది. కొత్త యంత్రాల అప్పు వడ్డీ రేటులో 5 శాతం పాయింట్లను ప్రభుత్వం భరించేది. మొదటి ఏళ్లలో డబ్బు ఎక్కువగా నూలు మిల్లులవైపు పోయింది, నేత వెనకబడింది. ఆ సంగతి గుర్తించే, 2016లో సవరించిన పథకంలో నూలు వడకడాన్ని పక్కన పెట్టారు. 17,822 కోట్లు కేటాయించి, లక్ష కోట్ల పెట్టుబడి వస్తుందని, 30 లక్షలకు పైగా ఉద్యోగాలు పుడతాయని అన్నారు. 2022 మార్చి 31తో ఆ పథకమూ ముగిసింది. ఇక్కడ ఒక మెచ్చుకోలు చెప్పాలి. ఎంత డబ్బు, ఎన్నాళ్లు, ఎంత పెట్టుబడి అని అంకెలు రాశారు. ఉద్యోగాల అంకె కూడా రాశారు. ఆ 30 లక్షల్లో నెల జీతం ఎందరిది, మీటరు కూలి ఎందరిది, పాత పనిలోంచి పడిపోయి కొత్త పనిలోకి వచ్చినవాళ్లెందరు అన్నది మాత్రం రాయలేదు. యంత్రం విషయంలో మోడలు, వేగం, తయారైన సంవత్సరం వరకూ అడిగే మీరు మనిషి విషయంలో ఒట్టి తలకాయ లెక్కతో సరిపెట్టుకోవడం నాకు వింతగా ఉంటుంది.

మా వైపు కాగితాల్లో లోపం లేదనుకోకండి. తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల కోసం ఒక పథకం రాసింది. దాని పేరే ‘వర్కర్ టు ఓనర్’. పెద్దూరు దగ్గర 88 ఎకరాల్లో షెడ్లు కట్టి, వెయ్యి మందికి పైగా కార్మికులకు తలా నాలుగు సాంచెలు ఇచ్చి యజమానులను చేస్తామన్నారు. నన్నడిగితే, పైకి రావడం గురించి ఈ ముప్పై ఏళ్లలో ప్రభుత్వాలు రాసిన ఇంగ్లిషు మాటల్లో వ్యాకరణం తప్పని మాట ఇదొక్కటే. ఎవరో చెప్పింది, కార్మికుడు. ఎక్కడి నుంచో చెప్పింది. ఎక్కడికో చెప్పింది. మూడు చిన్న మాటల్లో సొరోకిన్‌కు కావలసిందంతా ఉంది. లేనిది తేదీ. షెడ్ల పని మొదలైంది, ఏళ్లు గడిచాయి, ప్రభుత్వం మారింది, కార్మికుడి చేతికి తాళంచెవి రావడం వాయిదా పడుతూనే ఉంది. వాక్యం ఎంత చక్కగా ఉన్నా క్రియ జరగాలి కదా.

తాళంచెవి వచ్చినా భివండివాడిగా నాకు ఇంకో అనుమానం ఉంది. నాలుగు సాంచెల ఓనరు అంటే ఎవరో ఇక్కడ మాకు బాగా తెలుసు. సమ్మె తర్వాత ఏళ్లలో ఇక్కడ చాలామంది కార్మికులు అప్పు చేసి పాత సాంచెలు కొని ఓనర్లయ్యారు. నూలు వ్యాపారిది, రేటు వ్యాపారిది, సాంచె మాత్రం తనది. సాంచె తనదైన రోజు నుంచి కరెంటు బిల్లు తనది, మరమ్మతు తనది, మాంద్యం వస్తే నష్టమూ తనదే. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, మరుసటి ఏడు జీఎస్టీ వచ్చినప్పుడు, 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట కుంగిపోయింది ఇలాంటి చిన్న ఓనర్లే. కారిగార్ మూట కట్టుకుని ఊరికి పోగలిగాడు. ఓనరు సాంచెలను మూట కట్టుకోలేడు. సాంచెను కిలోల లెక్కన పాత ఇనుముకు అమ్మినవాళ్ల చీటీలు కూడా రాసిన చెయ్యి ఇది. సిరిసిల్ల సంగతి వేరు, అక్కడ 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు ప్రభుత్వమే ఇచ్చింది అంటారు. నిజమే, ఆ చీరలున్నన్నాళ్లు అక్కడ కూలి పడింది. 2023 చివరలో ప్రభుత్వం మారాక ఆ ఆర్డరు ఆగిపోతే సాంచెలు కూడా ఆగిపోయాయి. కాబట్టి ‘ఓనర్’ అని రాసినచోట, నూలు ఎవరిది, బట్ట కొనేదెవరు, రేటు చెప్పేదెవరు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు పక్కనే ఉండాలి. లేకపోతే కార్మికుడిని యజమాని అనే పేరుగల ఇంకో కార్మికుడిగా మార్చినట్టే.

వరంగల్ పక్కన గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్‌కూ భివండికీ వలసపోయిన నేతన్నలు తిరిగి సొంతగడ్డకు వస్తారన్న ఆశ బాగా వినబడింది. పద్మానగర్‌లో ఆ వార్తను గట్టిగా చదివి వినిపించుకున్నారు. తిరిగి రావడం కూడా ఒక కదలికే. పైకా, అడ్డంగానా అన్నది అక్కడి జీతం చీటీ మీద ఆధారపడి ఉంటుంది, సొంతగడ్డ మీద కాదు.

ఇక నేను కోరేది. పెద్ద కోరికలేం కావు, మీ మార్గదర్శకాలు రాసే ఉద్యోగి ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయేవే.

సాంచె గురించి రాసేటప్పుడు అప్‌గ్రేడేషన్ అని నిస్సందేహంగా రాయండి. ఆ మాట ఆ పనికే పుట్టింది. మనిషి గురించి రాసేటప్పుడు ఆ మాటను ఒంటరిగా వదలకండి. ఎవరు అన్నచోట యజమాని అయితే యజమాని అని, కారిగార్ అయితే కారిగార్ అని రాయండి. ఇద్దరికీ వీవర్ అనే ఒకే చొక్కా తొడగకండి. దరఖాస్తులో యజమాని పేరు కింద, ఆ సాంచెల మీద పనిచేసేవాళ్ల సంఖ్యకూ, ఒక్కొక్కరు చూసే సాంచెల సంఖ్యకూ, మీటరు కూలికీ మూడు గడులు గీయండి. సామాన్లు బిగించే ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి అవే గడులు నింపమనండి. సబ్సిడీలో కొంత ఆ రెండో కాగితం వచ్చాకే ఇస్తామంటే యజమానులు తప్పకుండా నింపుతారు. తప్పుడు అంకెలు రాస్తారనే అనుమానం మీకు రావచ్చు. కొందరు రాస్తారు. సాంచె విషయంలో అలాంటివాళ్లను పట్టుకోవడానికి మీరు తనిఖీకి మనిషిని పంపుతారు. సామాను బిగించారా లేదా అని అతను వంగి చూస్తాడు. ఆ వంగినప్పుడే పక్కన నిలబడ్డవాడిని, ‘అన్నా, నువ్వెన్ని సాంచెలు చూస్తున్నావు, మీటరుకు ఎంతిస్తున్నారు’ అని రెండు ప్రశ్నలు అడగవచ్చు. హిందీ వస్తే చాలు, మా కారిగార్లందరికీ హిందీ వచ్చు.

ఏడాది తర్వాత మూడు గడుల్లోనూ అంకెలు మంచివైపు జరిగి ఉంటే, అప్పుడు ‘నేతగాళ్ల అప్‌గ్రేడేషన్’ అని మీ వార్షిక నివేదికలో పెద్ద అక్షరాలతో రాయండి. దాన్ని తెలుగు చేసే పత్రికలవాళ్లు ‘వెలుగులు’ అని రాసుకున్నా నాకు పట్టింపు లేదు. సాంచె ఒక్కటే జరిగి మనిషి అక్కడే ఉంటే, ‘సాంచెలు మెరుగయ్యాయి, కూలి మారలేదు’ అని రాయండి. అది కూడా ప్రభుత్వం రాయదగిన వాక్యమే. దేశంలో తయారయ్యే బట్టలో సుమారు 60 శాతం పవర్‌లూమ్‌ల నుంచే వస్తోందని మీ మంత్రిత్వ శాఖ ఏటా చెప్పుకుంటుంది. అంత బట్ట నేసేవాళ్ల గురించి ఒక సరైన వాక్యం రాస్తే శాఖ పరువు పోదు.

కొత్త పథకం ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడు ఈ ఉత్తరాన్ని కూడా ఒక అభిప్రాయంగా దాఖలు చేసుకోవలసిందిగా ప్రార్థన. దరఖాస్తు నమూనాలో ఆ మూడు గడులు ఎక్కడ పట్టిస్తే సరిపోతాయో నేను గీసి పంపగలను. యజమాని బ్యాంకు ఖాతా వివరాల కింద ప్రస్తుతం కొంత ఖాళీ జాగా ఉంది.

ఇట్లు,
సాంచెల లెక్కలు రాసే ఒక తెలుగు గుమాస్తా